డ్యాష్‌బోర్డ్ మీద ఎర్ర బొమ్మ

నాలుగు రోజుల నుంచి వెలుగుతనే ఉంది
చిన్న డబ్బా బొమ్మ, ఒక దిక్కు ప్లస్సు, ఒక దిక్కు మైనస్సు.
వైరు లూజై ఉంటదిలే అనుకున్న.
మూడు వారాలు గాలె కొత్త బ్యాటరీ ఏయించి.
పాతదాన్ని తుక్కు కింద జోకి ఇచ్చేటప్పుడు
నాలుగు తిట్లు గూడ తిట్టిన.

మంగళ, గురు, శని.
భూపాలపల్లి కాలనీల తెల్లారగట్ల మూడున్నరకు
ఓదెలు తాత చెద్దరు కప్పుకొని గేటు కాడ నిలవడి ఉంటడు.
ఆరు గంటల షిఫ్టు ఆయనది, హన్మకొండల.
సింగరేణిల ముప్పై రెండేండ్లు షిఫ్టు, షిఫ్టు అన్నడు,
ఇప్పుడు రక్తం కడిగే మంచానికి గూడ అదే మాట.

రేగొండ దాటినంక ముందుగాల పాట మూలిగింది.
అద్దం మీది మంచు తుడువబోయిన వైపరు
సగం దూరంల చెయ్యెత్తి ఆగింది.
ఏందో చూద్దామని ఇంజను బంద్ చేసిన.
గదే తప్పు.
సెల్ఫ్ కొడితే టిక్కు.
మళ్ల టిక్కు.

"కొత్త బ్యాటరీ తాతా, దొంగ మాలు అంటగట్టిండ్రు" అన్న.
"లాంపు రూంల చేసినోని ముంగట చెప్తున్నవా" అని నవ్విండు.

"గోడ పొడుగునా దీపాలు, దీపానికో నెంబరు,
నెంబరుకో ఇత్తడి బిళ్ల.
నడుముకు కట్టిన బ్యాటరీల యాసిడు కారి
అందరి ప్యాంట్లు తొడ కాడ జల్లెడలే.
షిఫ్టు నడిమిట్ల దీపం మసకైతే
బాయిలకెల్లి ఎక్కొచ్చినోడు బ్యాటరీనే తిట్టేది.
నేను దాన్ని ఏమనకపోయేది.
రాత్రంత ఏ కొక్కేనికి తగిలిచ్చిండ్రు,
ఆ కొక్కేనికి కరెంటు వచ్చిందా లేదా, అది చూసేది.
బువ్వ పెట్టనోన్ని ఇడిచిపెట్టి
బక్కగైనోన్ని కొడితే ఏమొస్తదిరా?

ఒకనాడు ఒక్క కొక్కెం ఖాళీగ ఉండె..."
నెంబరు చెప్పబోయి ఆగిండు.
నేను అడగలె.

పత్తి ఏరబోయే ఆడోళ్ల ట్రాలీ ఆగింది.
ఎనిమిది మంది దిగి, ఒడి సంచులు నడుముకు ఉండంగనే నూకిండ్రు.
సెకండ్ గేర్ల క్లచ్చి ఇడిస్తే
బండి రెండు సార్లు దగ్గి పట్టుకున్నది.

"ఇగ ఆపకు" అన్నడు తాత.
"పాట బంద్. లైట్లు బంద్. హారన్ గూడ కొట్టకు.
ఉన్నకాడికి దాచుకో."

పరకాల దాక ఒక బొగ్గు టిప్పరు ఎనుక లైట్లు పట్టుకొని పోయినం.
మా బండ్ల వెలిగేది ఆ ఎర్ర బొమ్మ ఒక్కటే.
నలుసులు టపటప అద్దానికి తగులుతుంటే
తాత కిటికీ ఇంత దించి వాసన చూసిండు.
ఏ బాయిదో చెప్పిండు.
నిజమో కాదో నాకెట్ల తెలుస్తది.

ఆయన్ను మంచం దాక దింపి
ములుగు రోడ్డు మీద యాకూబలి షెడ్డుకు పోయిన.
మీటరు పెట్టిండు: పద్నాలుగు చూపాల్సిన కాడ పదకొండున్నర.
"బ్యాటరీ పాపం ఎండబెట్టబడ్డదన్నా" అని
ఆల్టర్నేటర్ ఇప్పదీసి
దినపత్రిక మీద బోర్లించి తట్టిండు.
నల్లటి పొడి రాలింది, ఒక పిడికెడు.

బెల్టు తిరుగుతనే ఉండె, పుల్లీ తిరుగుతనే ఉండె,
నాలుగు రోజులు ఉత్తగనే తిరిగింది.
గోరంత ఉండాల్సిన బ్రష్షులు రెండూ
చింతగింజ పొట్టంత మిగిలినయి.

"మరి నా పాత బ్యాటరీ?"
"మే నెల ఎండకు సగం సచ్చి ఉంటది, చలికి నీకు ఎరుకైంది.
లేకపోతే దాంది గూడ ఏం తప్పు లేకుండె.
కరగబెట్టినంక ఎవలు చెప్తరు?"

తొమ్మిదిన్నరకు తాత ఫోను. "ఏం తేలింది?"
"బ్రష్షులు తాతా. బొగ్గుతోనే చేస్తరట. అరిగిపోయినయి."

అటు దిక్కు కొద్దిసేపు మిషను చప్పుడే.

"ఎంతాయె?"
"నూట ఎనభై. రెండు ముక్కలకు."
"గంతేనా."

మళ్ల చప్పుడు.

"పాత ముక్కలు పారెయ్యకు.
జేబుల ఏసుకరా, చూస్త."